గోటికి తగిలే అతుకు

పద్నాలుగో భాగం

పోయినవారం విల్దాన్‌ను అద్దాల గదిలో ఉంచి, తలుపు మూసి వచ్చేశాం. మూసింది మనం కాదులెండి, కార్ఖానా యజమాని ఫెరిదున్ బే. "నీ కార్డు ఇలా ఇవ్వమ్మా, తలుపుల మెషిన్ మార్పిస్తున్నా, సాయంత్రానికి కొత్తది ఇస్తా" అని నవ్వుతూ అడిగాడు. విల్దాన్ మెడలోంచి తీసి ఇచ్చేసింది. ఆయన వెళ్ళాక తలుపు తనంతట తనే మూసుకుంది. లోపలినుంచి తెరవాలన్నా ఆ కార్డే కావాలన్న సంగతి ఆమెకు కాసేపటికి గాని తట్టలేదు. ఫోను ఎలాగూ కింద గేటు దగ్గర ఇనప్పెట్టెలో ఉంది. కంపెనీల రహస్యాలు ఫొటోలై బయటికి పోకుండా అచ్చుల కార్ఖానాలన్నిటిలోనూ ఉన్న కట్టుబాటే అది. ఇన్నాళ్ళూ ఆ కట్టుబాటు వల్ల విల్దాన్‌కు వచ్చిన ఇబ్బందేమీ లేదు.

కొత్తగా చేరిన పాఠకుల కోసం నాలుగు ముక్కలు. ఆ కార్ఖానా బుర్సా నగరంలోని పారిశ్రామికవాడలో, ప్లాస్టిక్ వస్తువులు పోతపోసే ఉక్కు అచ్చులు చేస్తుంది. ముందు కంప్యూటర్ తెర మీద వస్తువు ఆకారాన్ని పొరలు పొరలుగా అల్లుతారు. ఆ ఫైలు ప్రకారం యంత్రం ఉక్కును చెక్కుతుంది. చెక్కిన ఉక్కును మేస్త్రి చేత్తో సరిచేస్తాడు. తెర మీద అల్లేది విల్దాన్, చేత్తో సరిచేసేది రిఫత్ ఉస్తా, మేస్త్రిని అక్కడ ఉస్తా అంటారు. మార్చిలో చేసిన అచ్చు కార్లలో పసిపిల్లల్ని కూర్చోబెట్టే సీటుది. సీట్ల కంపెనీవాళ్ళు అమ్మకానికి పెట్టే ముందు, పసిబిడ్డంత బరువున్న బొమ్మను అందులో కూర్చోబెట్టి గోడకు గుద్దించి చూశారు. వీపు ఆనే చోటికీ పక్క రెక్కకీ మధ్య, అతుకు వెంబడే, ప్లాస్టిక్ డొప్ప నిలువునా చీలింది. అచ్చు తెరిచి చూస్తే ఉక్కులోనే ఆ అతుకు దగ్గర సన్నటి మెట్టు ఉంది. ఆ మెట్టు ఫైల్లోంచి వచ్చిందా, మేస్త్రి చేతిలోంచి వచ్చిందా? అది తేల్చడానికి సీట్ల కంపెనీ నుంచి మ్యూజ్‌గాన్ హానిమ్, మన మాటలో మ్యూజ్‌గాన్ గారు, అనే తనిఖీ ఆవిడ ఇవాళ నాలుగింటికి వస్తోంది.

తప్పు ఎవరిదో విల్దాన్‌కు తెలుసు. అది తనదే.

రెండు పొరలను కలపడంలో మూడు తరగతులున్నాయి. ఒకదాని అంచు రెండోదానికి ఆనితే చాలనుకోవడం కింది తరగతి. ఆనిన చోట రెండూ ఒకే దిక్కుకు సాగడం దానికంటే మేలు. ఆనిన చోట వంపు కూడా ఒకటే అయిపోయి, ఒకటి ఎక్కడ ఆగిందో రెండోది ఎక్కడ మొదలైందో కన్ను చెప్పలేకపోవడం అన్నిటికంటే పై తరగతి. మార్చిలో ఆ రోజు విల్దాన్‌కు కింది తరగతి కూడా కుదరలేదు. వీపు పొరకూ రెక్క పొరకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలింది. దాని మీద వంతెన వెయ్యడానికి తొమ్మిదిసార్లు ప్రయత్నించింది. తొమ్మిదిసార్లూ అది మధ్యలో బూరెలా ఉబ్బింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. ఎంత దగ్గరగా ఉంటే కలిసినట్టు లెక్క అని అడిగే గడి. అందులో ఎప్పుడూ మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది. విల్దాన్ దాన్ని చెరిపి, పదింట రెండు వంతులు అని కొట్టింది. ఎర్రగా మెరుస్తున్న అతుకు ఠక్కున పచ్చబడింది. కలిసిపోయిందని కంప్యూటర్ ఒప్పేసుకుంది. రెండు కాగితాల మందం, అంతే కదా అనుకుంది విల్దాన్. టీ తాగి ఇంటికి వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం ఫెరిదున్ బే ముందు నిలబడి ఇదంతా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. "సరే తల్లీ, ముందు దాన్ని బాగుచెయ్, కొత్త అచ్చు చెక్కిస్తా" అన్నాడు. అందుకే పొద్దున పదింటినుంచీ ఆమె ఈ గదిలో కూర్చుని ఉంది. మూడు వైపులా అద్దం, నాలుగో వైపు తలుపు. కింద యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళు దీన్ని అక్వేరియం అంటారు. లోపలివాళ్ళు నోరు తెరిచి మాట్లాడితే కనిపిస్తుంది, వినిపించదు. బయటి మోత లోపలికి రాకుండా రెండు వరసల అద్దం వేయించారు మరి.

పని మాత్రం బాగా కుదిరింది. ఈసారి విల్దాన్ సందు మీద వంతెన వెయ్యలేదు. రెండు పొరల అంచులనూ వెనక్కి, వేలెడు మేర కోసేసింది. సందును కావాలనే పెద్దది చేసింది. ఆ కిటుకు ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఈ కార్ఖానాలో చేరినప్పుడు రిఫత్ ఉస్తా ఉక్కులో పగులును వెల్డింగ్ చేస్తూ చెప్పింది. "చూడమ్మాయ్, పగులు పూడ్చాలంటే ముందు దాన్ని ఇంకా వెడల్పు చెయ్యాలి. సందు ఇరుగ్గా ఉంటే పైపైన మూతపడుద్ది, లోపల అట్టాగే ఉంటది." అప్పుడాయన ఆమె చెయ్యి పట్టుకుని చూపుడువేలి గోరును ఉక్కు మీద లాగించాడు. కంటికి కనపడని మెట్టు గోటికి తగిలింది. "తెర మీద గోరు పెట్టలేవు కదా, అదే నా భయం" అని నవ్వాడు. విల్దాన్ తెర కంటే ముందు ఉక్కును చదవడం నేర్చుకుందని జనం ఆటపట్టించేవాళ్ళు. నేర్పింది ఆయనే.

వెడల్పు చేసిన ఖాళీలో కొత్త పొర వేసి, రెండు అంచుల వంపునూ అందులోకి సాగనిచ్చి, చారల పరీక్ష పెట్టింది. తెర మీది ఆకారమంతా నల్లవీ తెల్లవీ చారలు పరుచుకున్నాయి. అతుకు తప్పైతే చార అక్కడ విరుగుతుంది. వీపు మీదినుంచి రెక్క మీదికి చారలన్నీ ఎక్కడా తొట్రుపడకుండా జారిపోయాయి. ఇంత మంచి పని విల్దాన్ తన జన్మలో చెయ్యలేదు. ఒక్కర్తే కూర్చుని నవ్వుకుంది.

మూడవుతుండగా తలుపు కీచుమంది. ఫెరిదున్ బే వచ్చాడు. ఒక చేతిలో జపమాల, రెండో చేతిలో నాలుగు కమలాలు. ఆయన విల్దాన్ తండ్రితో కలిసి సైన్యంలో పనిచేసినవాడు. అందుకని పదిమందిలో ఆయన ఆమెకు 'బే', అంటే అయ్యగారు; ఒంటరిగా ఉంటే 'బాబాయ్'.

"తిను. పొద్దున్నుంచీ ఏం తిన్నావో నాకు తెలుసు, ఏమీ తినలేదు" అంటూ కమలా ఒలిచి తొనలు బల్ల మీద పెట్టాడు. తర్వాత తెర వైపు వంగాడు. "అబ్బ! ఇది పట్టుబజారులో, మన కోజా హాన్‌లో అమ్మే పట్టులా ఉందే. ఎక్కడ కుట్టావో కనపడదే!"

"వెనక్కి కోసి వేశాను బాబాయ్. కొత్త ఫైలుగా పేరు పెట్టి దాస్తున్నా. రేపే చెక్కడానికి ఇవ్వొచ్చు."

"కొత్త పేరొద్దు. మార్చి ఫైలు మీదే పెట్టు."

విల్దాన్ చేతిలోని తొన నోటిదాకా వెళ్ళి ఆగింది. "మార్చి ఫైలు మీద పెడితే పాతది పోతుంది కదా?"

"పోవాలనే."

"బాబాయ్..."

"విను. మ్యూజ్‌గాన్ హానిమ్ వచ్చి, మార్చిలో చెక్కడానికి ఇచ్చిన ఫైలు చూపించమంటుంది. నువ్వు ఇది చూపిస్తావ్. చారలేసి చూపిస్తావ్. ఆవిడ అబ్బురపడుతుంది, నాలాగే. తారీఖుల సంగతి నేను చూసుకుంటా. చెక్కే యంత్రంలో ఉన్న కాపీ పొద్దున్నే తీయించేశా. ఇక ఉన్నది ఈ గదిలో ఉన్నదొక్కటే."

"ఫైలు ఇంత బాగుంటే ఉక్కులో మెట్టు ఎక్కడిదంటుంది."

"అంటుంది." ఆయన జపమాల పూసలు ఒక్కొక్కటే జరిపాడు. "చేతిదంటాం."

"ఎవరి చేతిది?"

"పేరు నేను అనలేదు."

"అచ్చు మీద చెయ్యి వేసేది ఈ కార్ఖానాలో ఇంకెవరు బాబాయ్? మీ అత్తగారా?"

ఇంకోరోజైతే ఫెరిదున్ బే పడీపడీ నవ్వేవాడే. అత్తగారి మీద జోకులు ఆయనవే, ఆమె ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇవాళ నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"చెయ్యి జారిందనుకో, అది ఒక్క మనిషి తప్పు. మనిషిని మార్చాం అంటాం, ఒప్పుకుంటారు. ఫైలు తప్పని తెలిసిందనుకో, ఇప్పటిదాకా మనం ఇచ్చిన ప్రతి ఫైలూ బయటికి తీస్తారు. ప్రతి అతుకూ చూస్తారు. ఎన్నిసార్లు ఆ గడిలో అంకె మార్చావ్?"

"ఒక్కసారే. ఒట్టు."

"నేను నమ్ముతా. వాళ్ళెందుకు నమ్మాలి? ఈ వాడలో మనకు ఒక్కడు అచ్చు పని ఇస్తాడా ఇంక? కింద నలభైమూడు మంది ఉన్నారు. తల తిప్పి చూడు, లెక్కపెట్టు."

విల్దాన్ తల తిప్పలేదు. "నా తప్పని నేనే చెప్తాను. నన్ను తీసెయ్యండి. ఇప్పుడే, ఆవిడ ముందే తీసెయ్యండి."

"నిన్ను తీసేస్తే ఫైలు నిజమైపోద్దా? పిచ్చిపిల్లా, అది ఇంకా గట్టిగా ఒప్పుకున్నట్టు."

"మరి రిఫత్ ఉస్తా? రెండు నెలల్లో పని మానేసి ఇంటికెళ్ళే మనిషి. నలభై ఏళ్ళు ఈ వాడలో ఆయన ముట్టిన అచ్చు తిరిగొచ్చిందని ఎవడైనా అన్నాడా? ఇప్పుడు పోతూ పోతూ చెయ్యి జారిన రిఫత్ అనిపించుకుని పోవాలా? ఆయనకు ఇంకేముంది బాబాయ్, ఆ పేరు తప్ప?"

ఫెరిదున్ బే జేబులోంచి మడిచిన కాగితం తీసి, కమలా తొక్కల పక్కన పరిచాడు. నాలుగు వాక్యాలు టైపు చేసి ఉన్నాయి. సానరాయి పట్టేటప్పుడు నా అజాగ్రత్త వల్ల అతుకు దగ్గర ఉక్కు దెబ్బతిన్నది, అని ఒక వాక్యం. కింద పెద్ద పెద్ద అక్షరాల్లో, బడిపిల్లాడి రాతలా, రిఫత్ ఉస్తా సంతకం.

"పొద్దున ఎనిమిదింటికి చేశాడు" అన్నాడు ఫెరిదున్ బే. "పూర్తిగా చదవను కూడా లేదు."

విల్దాన్ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "ఎందుకు చేశాడు?"

"నీ పేరు చెప్పాను కాబట్టి. ఆయన సంతకం పెట్టకపోతే నువ్వు పెట్టాల్సొస్తుందని చెప్పాను. అంతే, కలం అడిగాడు." ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. అద్దం వైపు మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "ఇంకోటి కూడా విను, ఎలాగూ విన్నావు కనుక. మార్చిలోనే ఆయన నా దగ్గరికి వచ్చాడు. అతుకు దగ్గర గోటికి తగుల్తోందన్నాడు. 'పిల్లకి చెప్పొద్దు, చిన్నబుచ్చుకుంటది, రెండ్రోజులివ్వండి, రాయి పట్టి నేనే దిద్దేస్తా' అన్నాడు. లారీ వాకిట్లో ఉంది. నేను రెండు గంటలు కూడా ఇవ్వలేదు. ఆయన రాయి పైపైన తగిలిందేగాని మెట్టు పోలేదు. ఇదీ సంగతి. నేను దుర్మార్గుణ్ణనుకుంటున్నావా? అనుకో. అనుకుని, ఆ ఫైలు మార్చు."

"నేను మార్చను."

"మార్చకుండా ఆవిడకి నిజం చెప్తావ్. అప్పుడు ఈ కాగితం చూపించి అడుగుతుంది, ఈ ముసలాయన అబద్ధం ఎందుకు రాశాడని. నువ్వు నోరు మూసుకుంటే ఆయన చెయ్యి జారినవాడు. నోరు తెరిస్తే దొంగ సంతకం చేసినవాడు. ఈ రెండు పేర్లలో ఆయనకి ఏది కావాలో నువ్వే చెప్పు."

విల్దాన్ కాగితం మీది సంతకం వైపు చూసింది. ఎటు జరిగినా గోడే తగిలింది. తప్పు చేసింది తను, నిజం చెప్పుకోవడానికి కూడా తనకు హక్కు లేకుండా పోయిందని అప్పుడర్థమైంది. కోపం ఫెరిదున్ బే మీద రావలసింది, రిఫత్ ఉస్తా మీద వచ్చింది. నన్నడక్కుండా నా తప్పు నువ్వెవరు నెత్తిన పెట్టుకోవడానికి అని లోపల్లోపలే ఆయన్ని తిట్టింది. తిడుతుంటే కళ్ళు నిండాయి.

తలుపు మళ్ళీ కీచుమంది. టీలు చేసే బెహిజె వదిన, తళతళలాడే పళ్ళెం ఊపుకుంటూ వచ్చింది. కార్ఖానాలో ఏ తలుపైనా తెరుచుకునే కార్డు యజమాని తర్వాత ఆవిడ దగ్గరే ఉంటుంది. తలుపులకు భయపడని మనిషి, నోటికి అసలే భయపడదు.

"అక్వేరియంలో చేపకి మేత తెచ్చా" అంది. "ఏంటీ, చేప ఏడుస్తోందా? నీళ్ళలో ఉంటే తెలీదుగా ఏడ్చేదీ లేనిదీ. ఇదిగో బే, మీది చక్కెర లేకుండా. డాక్టరొద్దన్నాడు. కమలాలు మాత్రం గంపెడు లాగిస్తారు."

"పెట్టి వెళ్ళు బెహిజె."

ఆవిడ విల్దాన్ ముందు టీ గ్లాసు దించింది. గ్లాసు కింద ఒకటి కాదు, రెండు సాసర్లు, ఒకదానిలో ఒకటి.

"రెండెందుకే?" అన్నాడు ఫెరిదున్ బే.

"టీ కుతకుతలాడుతోంది. పిల్ల వేళ్ళు కాలితే మీ బొమ్మలెవరు గీస్తారు?" అని ఆవిడ విల్దాన్ కళ్ళలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. "చల్లారాక తాగు. తొందరపడకు."

ఫెరిదున్ బే గడియారం చూసుకుని లేచాడు. "ఇంకెంతసేపు పడుతుంది?"

"అరగంట" అంది విల్దాన్. అరసెకను పని అది. ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియదు.

"నాలుక్కి వస్తా. అయిపోయి ఉండాలి." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఆయన మొహం నిజంగానే పదేళ్ళు ముసలిదైంది. "మీ నాన్న ఉంటే నాతోనే అనేవాడమ్మా, ఇలాగే చెయ్యమని."

తలుపు మూసుకుంది. మీ నాన్న అన్న మాట గదిలో మిగిలింది. నాన్న అలా అనేవాడు కాదని విల్దాన్ ప్రమాణం చేసి చెప్పగలదు. కాని సైన్యం నుంచి వచ్చాక నాన్న ఈ కార్ఖానాలో పనిచేసింది రిఫత్ ఉస్తా పక్కన, ఫెరిదున్ బే కింద. ఎవరికి తల ఊపేవాడో చెప్పడం అంత తేలిక కాదు.

టీ తీసి పక్కన పెట్టి, పై సాసరు ఎత్తింది. కింది సాసరులో మడతలు మడతలుగా పల్చటి కాగితం. విప్పకముందే అదేమిటో తెలిసిపోయింది.

రిఫత్ ఉస్తాకు ఒక అలవాటుంది. అచ్చు యంత్రం మీదినుంచి దిగగానే, చేతిలోకి రాయి తీసుకోకముందే, ఉక్కుకు నీలం రంగు పల్చగా పూసి, దాని మీద పల్చటి కాగితం వేసి అరచేత్తో ఒత్తుతాడు. ఎత్తుగా ఉన్నచోటల్లా నీలం కాగితానికి అంటుకుంటుంది, పల్లంలో అంటదు. ఎక్కడ ఎంత దిద్దాలో ఆయనకు అదే పటం. పని అయిపోయాక మిగతా మేస్త్రీలైతే ఆ కాగితంతో చేతులు తుడుచుకుని పారేస్తారు. ఈయన తారీఖు వేసి బిస్కట్ల డబ్బాలో దాస్తాడు. కుర్రకారు దాన్ని ఉస్తా పెళ్ళి ఆల్బమ్ అంటారు. "ఆల్బమే రా, నలభై ఏళ్ళలో నాకైన పెళ్ళిళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయి" అంటాడాయన. ఆ డబ్బా సంగతి అందరికీ తెలుసు. అందులో ఏముందో పట్టించుకున్నవాళ్ళు లేరు, ఫెరిదున్ బేతో సహా.

కాగితం బల్ల మీద విప్పింది. ఒకవైపు నీలం, ఇంకోవైపు నీలం, మధ్యలో పైనుంచి కిందిదాకా తెల్లటి పట్టీ. చెయ్యి జారితే గీత వంకర పోతుంది, ఒకచోట లోతుగా ఒకచోట తేలిగ్గా ఉంటుంది. ఇది రూళ్ళకర్ర పెట్టి గీసినట్టుంది. మనిషి చెయ్యి ఇలా గీయలేదు. తను మార్చిలో మూసి పచ్చబరచిన సందు, తల నుంచి తోక దాకా, అంగుళం కూడా తగ్గకుండా అక్కడ ఉంది. పై మూల పెన్సిలుతో, 'పన్నెండు మార్చి. యంత్రం దిగింది. రాయి తగల్లేదు.' కింది మూల చిక్కటి నీలంలో బొటనవేలి ముద్ర. దాని కింద, అంచున, ఇవాళ రాసిన మాటలు కలంతో ఉన్నాయి.

'తల్లీ, ఇదొక్కటే ఉంది. చింపెయ్.'

విల్దాన్ ఆ మాటలు రెండుసార్లు చదివింది. ఆయన్ని కాపాడగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఆయనే టీ సాసర్లో పెట్టి ఆమెకు పంపించాడు. చింపితే ఎవరూ అడగరు. తెర మీద ఒక్క నొక్కు, చేతిలో ఒక్క చింపు. సాయంత్రం కార్డు చేతికొస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, రేపు మామూలుగా పనిలోకి రావచ్చు. రిఫత్ ఉస్తా మాత్రం రాడు. పారిశ్రామికవాడ టీ కొట్ల దగ్గర ఆయన వస్తుంటే మాటలు ఆగిపోతాయి.

మౌస్ మీద చెయ్యి వేసింది. మార్చి ఫైలు పేరు మీద నొక్కింది. పాత ఫైలు ఉంది, దాని స్థానంలో ఇది పెట్టాలా అని కంప్యూటర్ అడిగింది. అవును, కాదు. రెండు గళ్ళు. రెంటిలో దేన్నీ నొక్కలేదు.

పగులు పూడ్చాలంటే ముందు దాన్ని ఇంకా వెడల్పు చెయ్యాలి. పద్దెనిమిదేళ్ళ వయసులో విన్న మాట. పొద్దుటినుంచీ చేతులతో అదే చేసింది, బుర్రకు మాత్రం ఎక్కలేదు. ఇరుకు సందును పైపైన మూయడం తనకొచ్చు. మార్చిలో చేసింది అదే, ఇప్పుడు ఫెరిదున్ బే చెయ్యమంటున్నదీ అదే.

కింద అలికిడైంది. వినపడలేదు, కనపడింది. యంత్రాల దగ్గర మనుషులు తలలు తిప్పారు. గేటు వైపునుంచి బూడిదరంగు కోటు మీద, తన ఒంటికి రెండింతలున్న పసుపుపచ్చ రక్షణ చొక్కా తగిలించుకుని, నడివయసు ఆవిడ గబగబా నడిచి వస్తోంది. పక్కనే ఫెరిదున్ బే, మొహం మీద నవ్వు అతికించుకుని. అర్ధగంట ముందే వచ్చేసింది మ్యూజ్‌గాన్ హానిమ్. వాళ్ళ వెనకాల టోపీ చేతిలో పట్టుకుని రిఫత్ ఉస్తా. రమ్మని పిలిచారు కాబట్టి వస్తున్నాడు. నలభై ఏళ్ళుగా వంగి పనిచేసిన నడుము, నిలబడినా ఉక్కు మీదికి వంగినట్టే ఉంటుంది.

ఇనప మెట్లు అద్దం పక్కనుంచే పైకి వస్తాయి. చివరి మెట్టు దగ్గర మలుపు తిరిగి నాలుగడుగులు వేస్తే తలుపు. కిందినుంచే ఫెరిదున్ బే తలెత్తి విల్దాన్‌ను చూశాడు. కనుబొమలతో అడిగాడు, అయిందా అని.

విల్దాన్ లేచింది. చింపెయ్ అన్నాడు కదా ఉస్తా, చింపింది. ఆ రెండు మాటలున్న అంచు మాత్రం, సన్నగా, జాగ్రత్తగా. దాన్ని ఉండ చుట్టి టీలో పడేసింది. సిరా కరిగి టీ ఇంకాస్త నల్లబడింది. మిగిలిన కాగితాన్ని అదే టీలో తడిపిన వేళ్ళతో నలుమూలలా రాసి, అద్దానికి అతికించింది. మెట్లెక్కేవాళ్ళ మొహం ఎదురుగా.

తడికి కాగితం పారదర్శకమై, నీలం రెండువైపులా పొంగింది. మధ్యలో తెల్ల గీత నిట్టనిలువుగా నిలబడింది. కాని అద్దం నున్నన, కాగితం తడి, నెమ్మదిగా కిందికి జారడం మొదలుపెట్టింది. విల్దాన్ రెండు అరచేతులూ పెట్టి దాన్ని అద్దానికి అదిమి పట్టింది.

మ్యూజ్‌గాన్ హానిమ్ చివరి మెట్టుకు రెండు మెట్ల కింద ఆగింది. మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుంది. గీత చూసింది. తారీఖు చూసింది. వేలితో అద్దం మీద, విల్దాన్ చేతికి అవతలివైపు, గీత వెంబడి పైనుంచి కిందికి రాసింది. గోటితో. ఆవిడకు కూడా పని తెలుసని విల్దాన్‌కు ఆ ఒక్క గీతతో తెలిసిపోయింది.

ఆవిడ వెనక్కి తిరిగి రిఫత్ ఉస్తాను ఏదో అడిగింది. మాట వినపడలేదు. ఏమడిగిందో ఊహించడం కష్టం కాదు, ఇది మీదేనా అని.

రిఫత్ ఉస్తా గడ్డం పైకెత్తి, ఆ ఊళ్ళో కాదనేటప్పుడు అందరూ చేసినట్టు కనుబొమలు ఎగరేశాడు. కాదు.

ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ గడ్డం ఎత్తాడు. నాది కాదు, నాకు తెలియదు. విల్దాన్ అద్దం వెనకనుంచి అరిచింది. "అబద్ధం! ఆయన అబద్ధమాడుతున్నాడు!" గొంతు పగిలేలా అరిచింది. ఆ అరుపంతా ఆమె చెవుల్లోకే తిరిగొచ్చింది. బయట ఎవరి తలా కదలలేదు, ఒక్క రిఫత్ ఉస్తా మాత్రం ఆమె పెదవుల వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

మ్యూజ్‌గాన్ హానిమ్ ఇంకా కదల్లేదు. ఆవిడ చూపు కాగితం కింది మూలకు దిగింది. బొటనవేలి ముద్ర. అక్కణ్ణుంచి నెమ్మదిగా ముసలాయన చేతుల మీదికి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా ఏ సబ్బుకూ వదలని నీలం, కుడి బొటనవేలి గోటి చుట్టూ.

రిఫత్ ఉస్తా టోపీని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి మెల్లగా జేబులోకి పోయింది.

వెనకాల తలుపు కీచుమంది. మ్యూజ్‌గాన్ హానిమ్ ముసలాయన చేతినే చూస్తుండగా ఫెరిదున్ బే మలుపు తిరిగి వచ్చేశాడు. ఆయనకు కాగితం అక్కర్లేదు. మేస్త్రి కాదన్న కాగితం చిత్తుకాగితమే. దాని మాట నిజమని చెప్పగలిగింది ఇక మార్చి ఫైలొక్కటే, అది ఈ గదిలో, తెర మీద, అవును, కాదు అని అడుగుతూ నిలబడి ఉంది. విల్దాన్ చేతులు తీస్తే కాగితం జారి నేలన పడుతుంది. తియ్యకపోతే తెర దగ్గరికి చేరలేదు.

"బాబాయ్, ముట్టుకోవద్దు!"

"నీ కోసమేనమ్మా" అన్నాడు ఫెరిదున్ బే. "నీ కోసమే, ఆ కిందివాళ్ళ కోసమే."

అద్దం అవతల మ్యూజ్‌గాన్ హానిమ్ రిఫత్ ఉస్తా ముందు అరచెయ్యి చాచింది, చెయ్యి బయటికి తియ్యండి అన్నట్టు. ముసలాయన ఆవిణ్ణి చూడటం లేదు. అద్దంలోంచి విల్దాన్‌నే చూస్తూ, వద్దమ్మాయ్ అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన చెయ్యి జేబులోనే ఉంది. ఫెరిదున్ బే చెయ్యి మౌస్ మీద పడింది.